రాచపుండు తగ్గినదన్న పిదప

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములనుండి రాచపుండు రోగులు పలువురు చికిత్సకై వేలూరు, తిరుపతి, బెంగుళూరులకు పోవుచున్నారు. గడ్డ కనబడుటలేదని వైద్యుడు చెప్పినతోడనే, పూర్తిగా నయమైనదని తలచి మరల అటు పోనివారును కలరు. కనబడకపోవుటయు లేకపోవుటయు నొకటి కాదు. కొన్ని రాచపుండ్లయందు ఈ భేదమును తెలుపునది ట్యూమరు మార్కరుల పరీక్ష.

దీనికి తొలి నిదర్శనము మనవాని మందుతోనే లభించినది. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యవమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో మెతోట్రెక్సేటు రూపొందెను. దానిని మిన్ చియూ లీ యను వైద్యుడు, మావి కణములనుండి పుట్టు కోరియోకార్సినోమాకు వాడెను. గడ్డలు మాయమైన పిదపను రోగుల మూత్రమున హెచ్.సి.జి. మిగిలియుండుట చూచి, అది పోవువరకును మందు మానలేదు. ఇందుకై 1957లో ఉద్యోగమును కోల్పోయెను. కాని అట్లు చికిత్స పొందినవారే స్వస్థులైరి. ముందుగా మానినవారికి రోగము తిరుగబెట్టెను. 1972లో ఆయనకు లాస్కర్ బహుమానము లభించెను.

అన్ని మార్కరులును ఇట్టివి కావు. అండాశయపు రాచపుండున సి.ఏ. 125 పెరిగిన వెంటనే మందు మొదలిడుటవలన ఆయుష్షు పెరుగలేదని 2010లో ప్రకటితమైన పరిశోధన తేల్చినది. పెద్దప్రేవు రాచపుండునకు శస్త్రచికిత్సానంతరము సి.ఇ.ఎ. పరీక్షను మొదటి రెండేండ్లు 3 మొదలు 6 నెలల కొకసారియు, పిమ్మట అయిదవ యేడు నిండువరకు 6 నెలల కొకసారియు చేయుట వాడుక. పొగత్రాగుట, కాలేయవ్యాధి మున్నగువానివలనను అది పెరుగవచ్చును. కావున ఒక్క అంకెను చూచి బెదరరాదు, వరుసను చూడవలెను. వేర్వేరు పద్ధతులతో వచ్చిన అంకెలను పోల్చరాదు.

ఈ పరీక్షకు కావలసినది కొలది రక్తమే. దానికై కూలివాడు దినభత్యమును, బస్సు కూలిని పోగొట్టుకొననేల? మూడు పట్టణముల ప్రభుత్వ వైద్యశాలలందును రక్తమును తీసి, చికిత్స చేసిన వైద్యశాలకే పంపు ఏర్పాటును ప్రభుత్వమువారు చేయవలెనని మేము కోరుచున్నాము. 1915లో క్షయరోగులకై ఆరోగ్యవరమున శానటోరియము వెలసిన సీమకు దీర్ఘరోగమును ఓపికతో కనిపెట్టుట క్రొత్త కాదు.

పఠనమందిరములకు వచ్చు సోదరులకు మా మనవి యొకటి. చదువురాని పొరుగువారికి వారి పరీక్షాపత్రములను తేదీల వరుసన పదిలపరచి యిండు. గడువు వచ్చినపుడు జ్ఞాపకము చేయుడు.