నాలుక మీద సరస్వతి లేని పిల్లలు

మా సంఘం తరఫున హైస్కూళ్ళకు వెళ్ళి మహిమల గుట్టు విప్పే కార్యక్రమాలు చేస్తుంటాం. గాలిలోంచి విభూతి తీయడం, నిమ్మకాయలోంచి రక్తం రప్పించడం, నాలుకకు శూలం గుచ్చుకోవడం లాంటివి. రెండేళ్ళ కిందట ఒక బడిలో కార్యక్రమం ముగిశాక పావుగంట టైము మిగిలింది. ఎవరైనా ఒక పాట పాడండి అన్నాను. ముందు వరసలో ఇద్దరు ఆడపిల్లలు లేచి చక్కగా పాడారు. వాళ్ళ వెనక కూర్చున్న ఎనిమిదో తరగతి కుర్రాణ్ణి "నువ్వు పాడవేం?" అని అడిగాను.

"నాకు రాదు సార్. నా నాలుక మీద సరస్వతి లేదని మా టీచర్ చెప్పారు."

అప్పటిదాకా గంటసేపు మహిమలు లేవని చెప్పినవాణ్ణి, ఆ మాటకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే 1979లో, నా ఎనిమిదో తరగతిలో, నాకూ అదే తీర్పు వచ్చింది. మా మాస్టారి మాట ఇంకాస్త మోటు. "ఒరేయ్, నీ గొంతులో గాడిద దూరిందిరా. పాటకి పూర్వజన్మ సుకృతం ఉండాలి. వెళ్ళి చివర నిలబడు" అన్నారు. ప్రార్థన బృందంలోంచి తీసేశారు. ఆ రోజు నుంచి నేను బాత్‌రూంలో కూడా పాడలేదు.

ఆ తర్వాత నేను హేతువాదినయ్యాను. జాతకాలు వదిలేశాను. వాస్తు వదిలేశాను. పూర్వజన్మ లేదని ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు. కానీ నా గొంతు గురించి పూర్వజన్మ పేరుతో ఇచ్చిన తీర్పును నలభై ఏళ్ళకు పైగా ఒక్కసారి కూడా పరీక్షించకుండా నమ్మాను! నవ్వుకోండి, ఫరవాలేదు. నేనూ నవ్వుకున్నాను, కాస్త ఆలస్యంగా.

సంగతేమిటంటే, సంగీతం కొందరికి పుట్టుకతో వచ్చే వరం, మిగిలినవాళ్ళకు రాదు అనేది మన బడుల్లో అందరూ గౌరవించే మూఢనమ్మకం. దాన్ని ఎవరూ ప్రశ్నించరు. మనమూ ప్రశ్నించం. పుట్టుకతోనే స్వరాల తేడా పట్టలేనివాళ్ళు లేరా అంటే ఉన్నారు. దాన్ని అమ్యూజియా అంటారు. 2017లో అచ్చయిన ఒక పెద్ద పరిశీలన ప్రకారం అలాంటివాళ్ళు నూటికి ఒకటిన్నర మంది. అంటే నలభై మంది ఉన్న తరగతిలో ఒకరు ఉండవచ్చు, లేకపోనూవచ్చు. మరి మన తరగతుల్లో సగం మందిని చివర నిలబెట్టింది ఎవరు?

ఆ కుర్రాడి మాట నన్ను వదల్లేదు. వయొలిన్ నేర్పే ఒక మిత్రుణ్ణి బతిమాలి వెంటబెట్టుకుని, హెడ్మాస్టరు గారి అనుమతితో అదే బడికి ఎనిమిది శనివారాలు వెళ్ళాను. ఉపన్యాసాలు వద్దు, పిల్లలు చేతులతో చేసేవే ఉండాలి అని ముందే అనుకున్నాం. వాటిలో బాగా పనిచేసినవి చెబుతాను.

మొదటిది ఒంటితీగ పలక. ఒక చెక్క, రెండు మేకులు, వాటి మధ్య బిగించిన గిటారు తీగ. మేకుల మధ్య దూరం 60 సెంటీమీటర్లు. తీగ మొత్తం మీటితే వచ్చేది 'స' అనుకోండి. ఇప్పుడు తీగ కింద పెన్సిల్ జరుపుతూ 'ప' ఎక్కడ పలుకుతుందో చెవితోనే వెతకాలి. స్కేలు ఇవ్వం. దొరికాక గుర్తు పెట్టి, అప్పుడు కొలవాలి. లెక్క ప్రకారం మూడింట రెండు వంతుల దగ్గర, అంటే 40 దగ్గర రావాలి. పై 'స' సగం దగ్గర, 30లో. శుద్ధ మధ్యమం 45లో. పిల్లలకు ఎవరికీ సరిగ్గా 40 రాలేదు. 40న్నర వచ్చింది, 41 వచ్చింది. "పుస్తకం తప్పా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. తప్పు పుస్తకానిది కాదు, పెన్సిల్‌ది. లావుపాటి పెన్సిల్ తీగను పైకి ఎత్తితే తన్యత పెరుగుతుంది, స్వరం కాస్త హెచ్చుతుంది. దాన్ని సరిచేయాలంటే తీగ ఇంకొంచెం పొడవు కావాలి. సన్నటి పుల్ల పెడితే అంకె 40కి దగ్గరైంది. సప్తస్వరాలు నెమలి నుంచీ కోయిల నుంచీ పుట్టాయని చదువుకున్న పిల్లలు, ఆ రోజు వాటిని స్కేలు మీద చూశారు.

రెండోది, నా మటుకు అన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరి శ్రుతి వాళ్ళు వెతుక్కోవడం. పన్నెండు పదిహేనేళ్ళ మధ్య మగపిల్లల స్వరపేటిక పెరుగుతుంది. స్వరతంత్రులు పొడవై, మందమవుతాయి. గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లల గొంతు కూడా మారుతుంది గానీ కొద్దిగానే. మారే కాలంలో గొంతు జీరపోతుంది, పగులుతుంది, ఐదారు స్వరాల కంటే పలకదు. మన బడుల్లో ఏం చేస్తారు? హార్మోనియం మీద ఒక శ్రుతి పెట్టి అందరినీ అందులోనే పాడమంటారు. అది అందనివాడికి అపస్వరం అని పేరు పెడతారు. నిజానికి మన కర్ణాటక సంగీతంలో 'స' ఇక్కడే ఉండాలన్న నియమమే లేదు. మగ గాయకులు ఒకటి శ్రుతి అటూఇటూ, ఆడవాళ్ళు ఐదు శ్రుతి అటూఇటూ, ఎవరికి వీలైంది వాళ్ళు పెట్టుకుంటారు. కచేరీలో విద్వాంసులకు ఉన్న ఈ స్వేచ్ఛ బడిలో పిల్లవాడికి లేదు.

మేము ఒక్కొక్కరి గొంతులో హాయిగా పలికే అతి కింది స్వరమూ, అతి పై స్వరమూ వెతికాం. ఫోన్‌లో శ్రుతి చూపించే ఉచిత యాప్‌లు బోలెడున్నాయి, పౌనఃపున్యం అంకెలతో సహా చూపిస్తాయి. పిల్లలు పట్టిక తయారు చేసుకున్నారు. 'సరస్వతి లేని' కుర్రాడి గొంతు అప్పుడే మారుతోంది. వాడికి కిందికి శ్రుతి పెట్టి, నాలుగు స్వరాలే ఇచ్చాం. రెండు వారాలు తడబడ్డాడు. మూడో వారం 'స రి గ ప' నిలబడింది. గొప్పగా పాడాడని అబద్ధం చెప్పను. శ్రుతిలో పాడాడు, అంతే. నా 1979 నాటి గాడిద ఏమిటో నాకు ఆ పట్టిక చూశాక అర్థమైంది.

మూడోది చప్పట్లు. తరగతిని రెండు జట్లు చేసి, ఒక జట్టు మూడేసి, ఇంకో జట్టు నాలుగేసి లెక్కపెడుతూ ప్రతి ఒకటి మీదా చప్పట్లు కొట్టాలి. ఇద్దరూ మళ్ళీ ఎక్కడ కలుస్తారు? పన్నెండు తర్వాత. ఐదు, ఏడు అయితే ముప్పై అయిదు. క.సా.గు. అంటే నోట్లో కుక్కుకున్న సూత్రం అనుకున్న పిల్లలు అది చెవికి వినబడితే అరిచి గోల చేశారు. తాళంలో తిశ్రం, ఖండం, మిశ్రం అనే మాటలు ఆ తర్వాత చెప్పాం, ముందు కాదు. పదో తరగతి వాళ్ళకైతే 17వ శతాబ్దంలో వేంకటమఖి కట్టిన 72 మేళకర్తల లెక్క కూడా ఇలాగే చేయించవచ్చు. రి-గ కూర్పులు ఆరు, ధ-ని కూర్పులు ఆరు, మధ్యమాలు రెండు. ఆరు ఆర్లు ముప్పై ఆరు, రెట్టింపు చేస్తే డెబ్బై రెండు.

నాలుగోది మన వాళ్ళకు బాగా నచ్చుతుంది. తాన్‌సేన్ దీపక్ రాగంతో దీపాలు వెలిగించాడనీ, దీక్షితులు అమృతవర్షిణితో ఎట్టయపురంలో వాన కురిపించారనీ కథలు పిల్లలకు తెలుసు. వీటిని వెక్కిరించి వదిలేయడం తేలిక. మేము ఇంకో ప్రశ్న అడిగాం: రాగానికి నిజంగా ఏ శక్తి ఉంది? తరగతిని రెండు గదుల్లో కూర్చోబెట్టి రెండు చోట్లా ఒకే ఆలాపన రికార్డు వినిపించాం. ఒక గదిలో "ఇది ఏడుపు రాగం" అనీ, రెండో గదిలో "ఇది పెళ్ళిళ్ళలో వాయించే రాగం" అనీ ముందే చెప్పాం. ఎవరికేమనిపించిందో పక్కవాడికి చూపకుండా రాయమన్నాం. కాగితాలు కలిపి చదివితే, ఎక్కువ మంది విన్నది రాగాన్ని కాదు, మా మాటని! తర్వాత మేము చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నాం. మరో రాగం ఏమీ చెప్పకుండా వినిపించాం. అప్పుడు కూడా జవాబులు మరీ చెల్లాచెదురుగా రాలేదు. ఇదీ గమనించాల్సిందే. 1999లో బాల్క్‌విల్, థాంప్సన్ అనే పరిశోధకులు హిందుస్తానీ సంగీతం తెలియని పాశ్చాత్యులకు రాగాలు వినిపిస్తే, సంతోషం, విషాదం, కోపం ఉద్దేశించినవాటిని వాళ్ళు చాలావరకు గుర్తుపట్టారు. వేగం, స్వరాల నడక లాంటివి ఆధారాలు. కాబట్టి "అంతా భ్రమ" అనడమూ తొందరపాటే. రాగం వాన కురిపించదు, మనసును మాత్రం కదిలిస్తుంది. ఎంత, ఎలా అనేది పరీక్షించి తెలుసుకోవాలి.

ఐదోది వాద్యం. మృదంగం కుడివైపు నల్లటి కరణి ఎందుకుంటుంది? మామూలు డోలు చర్మం పలికే అనుస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. కరణి బరువు వాటిని పొసిగేలా చేస్తుంది. 1920లో దీన్ని నేచర్ పత్రికలో చెప్పినవారిలో సి.వి.రామన్ ఒకరు. 1934లో మళ్ళీ వివరంగా రాశారు. ఇంతవరకూ అందరూ సంతోషంగా చెబుతారు. ఆ చర్మం ఎవరిది, ఆ మృదంగం కట్టిన చేతులు ఎవరివి అని మాత్రం అడగరు. టి.ఎం.కృష్ణ మృదంగం తయారుచేసేవారి మీద రాసిన సెబాస్టియన్ అండ్ సన్స్ 2020లో వచ్చినప్పుడు, ఆవిష్కరణకు ఇచ్చిన అనుమతిని చెన్నైలోని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. ఆవు తోలూ, దళితుల చేతులూ లేకుండా ఆ నాదం లేదు అనే సంగతి వినడానికి మన 'సంప్రదాయం' సిద్ధంగా లేదన్నమాట.

మేము ఒక డప్పు కళాకారుణ్ణి పిలిచాం. ఆయన బడి ఆవరణలో గడ్డిమంట వేసి డప్పు కాచారు. కాచకముందు ఒక దెబ్బ, కాచాక ఒక దెబ్బ. మంటకు తేమ పోయి తోలు బిగుస్తుంది, స్వరం హెచ్చుతుంది. ఫోన్ అంకె చూపించింది. పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. అప్పటిదాకా ఏ శనివారమూ నోరు విప్పని తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లేచి, "ఎక్కువ కాస్తే పగులుద్ది సార్, మా తాత చెప్పాడు" అన్నాడు. ఆ కళాకారుడు వాణ్ణి పిలిచి డప్పు చేతికిచ్చారు. వాడు వాయించాడు. అంతకుముందు ఆ బడిలో ఇంత సంగీతం తెలిసినవాడు ఉన్నాడని ఎవరికీ తెలియదు. వాడూ చెప్పుకోలేదు. ఎందుకు చెప్పుకోలేదో మీకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక నా తోటి హేతువాదులకు రెండు మాటలు.

ఒకటి. "బడిలో సంగీతమంటే భజనే కదా, మనకెందుకు?" అంటున్నారు కొందరు. భజన తప్ప ఇంకేమీ లేకుండా చేసింది ఎవరు? వాళ్ళతో పాటు మనమూ. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి పాఠ్యాంశం కావాలంది. 2009 విద్యాహక్కు చట్టం వంద మంది దాటిన ప్రాథమికోన్నత తరగతులకు కళలు నేర్పే పార్ట్‌టైం బోధకుడు ఉండాలంది. నేను వెళ్ళిన బడుల్లో సంగీతం పీరియడ్ అంటే లెక్కల మాస్టారు సిలబస్ పూర్తి చేసుకునే పీరియడ్. ఖాళీగా వదిలేసిన చోటికి ఎవరో ఒకరు వస్తారు, ఏదో ఒకటి పాడిస్తారు. త్యాగరాజ కీర్తన నేర్పితే నాకు అభ్యంతరం లేదు, అది సంగీతం. దాన్ని చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని పాడి తీరాలంటేనే అభ్యంతరం.

రెండు. సంగీతం నేర్పితే పిల్లల బుర్ర పెరుగుతుందని, లెక్కలు వస్తాయని దయచేసి ప్రచారం చేయకండి. 1993లో నేచర్‌లో వచ్చిన మొజార్ట్ ప్రయోగం కాలేజీ విద్యార్థుల మీద జరిగింది. పావుగంటలో పోయే ప్రభావం అది. దాన్ని పట్టుకుని 1998లో అమెరికాలో జార్జియా గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇవ్వడానికి బడ్జెట్ అడిగాడు! 2020లో సాలా, గోబే అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ కూడి చూస్తే, సరైన పోలికతో చేసిన వాటిలో తెలివి పెరుగుదల దాదాపు సున్నా. మంచి పనికైనా సరే, అబద్ధపు కారణం చెబితే అది తాయెత్తు అమ్మినట్టే. సంగీతం నేర్పడానికి సంగీతమే చాలినంత కారణం.

మీలో చాలామంది బడులకు వెళ్తుంటారు. ఈసారి శూలమూ, నిమ్మకాయా సర్దుకునేటప్పుడు ఒక పలకా, రెండు మేకులూ, తీగా కూడా సంచిలో వేసుకోండి. ఊళ్ళో డప్పు వాయించే పెద్దాయన ఎవరో కనుక్కోండి. చేసి చూసి ఏం జరిగిందో చెప్పండి. నేను చెప్పింది తప్పని తేలినా సరే, చెప్పండి.

ఆ కుర్రాడు ఇప్పుడు పదో తరగతి. గొంతు నిలబడింది. పాటల పోటీలో వాడికేమీ బహుమతి రాలేదు. కానీ పేరు ఇచ్చి, లేచి, తన శ్రుతిలో తను పాడి కూర్చున్నాడు. నేను మాత్రం 'ప' దగ్గర ఇంకా తప్పుతున్నాను. తప్పింది నాకే వినబడుతోంది.