పాత గోడలు, కొత్త రంగులు

రంజాన్ దగ్గరపడుతోందంటే మన మస్జిద్ కమిటీల ముందుకు మొదట వచ్చే విషయం రంగులే. చందా పుస్తకాలు బయటికి వస్తాయి, గోడలకు నిచ్చెనలు లేస్తాయి. అల్లాహ్ గృహాన్ని శుభ్రంగా, అందంగా ఉంచాలన్న ఆ తపనను మేము ఎంతమాత్రం తక్కువ చేయడం లేదు. అయితే రంగు పూయబోయే గోడ ముప్పై ఏళ్ళదా, మూడు వందల ఏళ్ళదా అన్న ప్రశ్న ఆ సమావేశాల్లో వినిపించడం అరుదు. గోదావరి డెల్టాలో ఇప్పుడు ఆ ప్రశ్న వేసుకోక తప్పదు. 2027లో పుష్కరాలున్నాయి. పుష్కరాలంటే సుందరీకరణ, సుందరీకరణ అంటే మన పురపాలక సంఘాల లెక్కలో ముందుగా రంగు డబ్బా.

రాజమహేంద్రవరంలోని పురాతన మస్జిద్‌నే చూద్దాం. అక్కడి పారశీక శాసనం మీద ఉన్న తేదీ హిజ్రీ 724 రంజాన్ 20, అంటే క్రీ.శ. 1324 సెప్టెంబరు 10. ఓరుగల్లు పతనమైన మరుసటి ఏడు అది. గియాసుద్దీన్ తుగ్లక్ ఏలుబడిలో, ఆయన కుమారుడు ఉలుగ్ ఖాన్ కాలంలో, సాలార్ ఉల్వీ అనే అధికారి దానిని నిర్మించినట్లు ఆ శాసనం చెబుతోంది. ఆ తర్వాత రెడ్డి రాజులు వచ్చారు, గజపతులు వచ్చారు, కుతుబ్‌షాహీలు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు వచ్చి వెళ్ళారు. ఇన్ని ప్రభుత్వాలు మారినా ఆ తేదీ మనకు దక్కిందంటే అది రాతిలో చెక్కి ఉండడం వల్లనే. అక్షరాల సందుల్లోకి ఎనామెల్ రంగు ఏటేటా చేరితే చెక్కడం పూడిపోతుంది. పది పూతల తర్వాత దానిని చదవగల పండితుడు వచ్చినా చదవలేడు, కాగితం అద్ది నకలు తీయబోయినా అక్షరం పడదు. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలోని వందల శాసనాలకైనా, పాలకొల్లు, నరసాపురంలలో డచ్చివారు వదిలివెళ్ళిన గుర్తులకైనా ఈ నియమమే వర్తిస్తుంది.

ఈ మస్జిద్ స్థలంలో అంతకు ముందు ఆలయం ఉండేదని స్థానిక చరిత్ర రచనలు చెబుతాయి. ఆ మాటకు జడిసి పాత రాళ్ళకు రంగు పులిమేద్దామనుకునేవారు మనలో ఉంటే, వారికి మా మాట స్పష్టం: రాయిని దాచడం వల్ల హక్కు బలపడదు. పైగా దాచారన్న అపవాదు ఒకటి మిగులుతుంది.

రంగు మీద మాకు ఇంత పట్టింపు ఎందుకో కొంచెం వివరించాలి. పాత గోడలు డంగు సున్నంతో కట్టినవి. ఆలచిప్పలు కాల్చి చేసిన గుల్ల సున్నం మన తీరప్రాంతపు వస్తువే. సున్నపు గోడకు ఊపిరి ఉంటుంది. నేల నుంచి పైకెక్కిన చెమ్మను అది మెల్లగా బయటికి వదిలేస్తుంది. డెల్టాలో తవ్వితే చాలు నీరు తగులుతుంది, వానాకాలమంతా గోడ మొదలు తడిగానే ఉంటుంది. అలాంటి గోడకు నూనె రంగో ప్లాస్టిక్ రంగో వేస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. నీటితో పాటు వచ్చిన లవణాలు పూత వెనకే గడ్డకట్టి, రంగు పొంగి, గిలాబా పెచ్చులుగా ఊడుతుంది. అప్పుడు మనం చేసేదేమిటి? ఊడినచోట సిమెంటు మెత్తుతాం. సిమెంటు సున్నం కంటే గట్టిది, పక్కనున్న మెత్తని పాత గిలాబాతో కలవదు, చెమ్మను ఇంకా పైకి నెడుతుంది. రెండేళ్ళకు మళ్ళీ చందాలు.

వెల్ల వేస్తే నమాజుకు నిలుచున్నవారి బట్టలకు అంటుకుంటుందని కమిటీ పెద్దలు అంటారు. అది నిజమే. కానీ అంటుకునేది తొందరపడి వేసిన వెల్ల. సున్నాన్ని ముందుగా నానబెట్టి, వడగట్టి, తుమ్మజిగురు కలిపి, గోడను తడిపి, పలుచగా మూడు పూతలు ఒకదాని తర్వాత ఒకటి ఆరనిచ్చి వేస్తే పట్టి నిలుస్తుంది. ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ వేయవలసిందే. ఆ పని చేతనైన మేస్త్రీలు తగ్గిపోతున్నారు. మన యువకుల్లో రంగుల పని మీద బతుకుతున్నవారు ఉన్నారు, వారికి ఈ విద్య నేర్పించడం కమిటీలకు పెద్ద ఖర్చు కాదు.

ఇక హక్కుల మాట. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ షాహీ జామా మస్జిద్ కమిటీ గత ఏడాది, అంటే 2025లో, రంజాన్‌కు ముందు వెల్ల వేసుకోవడానికి అనుమతి కోరింది. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. వెల్ల అవసరమే లేదని ఆ శాఖ అలహాబాదు హైకోర్టులో వాదించింది. చివరకు మార్చి 12న, బయటి గోడలకు శాఖే వారంలోగా వెల్ల వేయాలనీ, ఖర్చు కమిటీ భరించాలనీ కోర్టు ఆదేశించింది. అంతవరకు మనకు ఊరటే. కానీ ఆ శాఖ కోర్టుకు ఇచ్చిన నివేదికలో ఇంకో మాట ఉంది: లోపలి భాగమంతా బంగారు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు ఎనామెల్ రంగులతో దట్టంగా పూసి అసలు ఉపరితలాన్ని కప్పేశారని. మనం ప్రేమతో పూసిన రంగే మనకు వ్యతిరేకంగా సాక్ష్యమైంది.

పురావస్తు రక్షణ అన్న మాట వినగానే మన ముతవల్లీలు వెనుకాడడానికి కారణం లేకపోలేదు. 1991 నాటి ప్రార్థనా స్థలాల చట్టం, 1958 నాటి చట్టం కిందికి వచ్చే పురాతన కట్టడాలకు మినహాయింపు ఇచ్చింది. 2025 వక్ఫ్ సవరణ చట్టంలోని 3డి సెక్షన్ మరింత కఠినం. వక్ఫ్‌గా ప్రకటించే నాటికే రక్షిత కట్టడమై ఉంటే ఆ ప్రకటన చెల్లదంటుంది. ఇలాంటి చట్టాలు చేసి, వారసత్వ సంరక్షణకు ముస్లింలు సహకరించడం లేదని నిందించడం న్యాయం కాదు. ఈ సెక్షన్‌ను రద్దు చేయాలన్నది మా నిశ్చితాభిప్రాయం. అయితే ప్రభుత్వ జాబితా మీద ఉన్న భయం మన గోడను మనమే పాడుచేసుకోవడానికి కారణం కాకూడదు. ఏ జాబితాలోనూ చేరకుండానే, ఎవరి అనుమతీ అడగకుండానే సున్నం వాడవచ్చు.

పాత కట్టడం అన్న ప్రతి చోటా కమిటీలు ఈసారి కుంచె తీసే ముందు ఫోటోలు తీయించాలి. శాసనాలు, మిహ్రాబు, పూల చెక్కడాలు, పాత దర్వాజాలు, సమాధి రాళ్ళు దేనినీ వదలకుండా తేదీతో సహా భద్రపరచాలి. ‘ఉమీద్’ పోర్టల్‌లో వక్ఫ్ వివరాలు ఎక్కించడానికి కాగితాల కోసం ఎన్ని ఇళ్ళు తిరగవలసి వచ్చిందో ముతవల్లీలకు తెలుసు. కాగితం దొరకనిచోట గోడే దస్తావేజు. శాసనం మీద ఇప్పటికే రంగు పడి ఉంటే యాసిడ్‌తోనో ఇనుప బ్రష్‌తోనో గీకించవద్దు, అక్షరం కూడా పోతుంది. అనుభవమున్న సంరక్షకులను పిలిపించి, చిన్న మూలలో పరీక్షించి చూశాకే పని మొదలుపెట్టాలి.

దాతలకు కూడా ఒక విన్నపం. మరణించిన తల్లిదండ్రుల ఈసాలె సవాబ్ కోసం టైల్స్, గ్రానైట్ ఇస్తామని ముందుకు వచ్చేవారు చాలామంది. పాత సున్నపు గోడకు టైల్స్ అతికించడం రంగు కంటే పెద్ద కీడు. ఆ సొమ్మును పైకప్పు కారకుండా చూడటానికో, గోడ మొదట్లో నీరు నిలవకుండా కాలువ తీయించడానికో ఇవ్వండి. ఆ పని మీద పేరు చెక్కించుకునే చోటు ఉండదు, నిజమే.

రాజమహేంద్రవరం నగరపాలక సంస్థను, ఉభయ గోదావరి జిల్లాల అధికారులను మేము కోరేది ఒక్కటే. పుష్కరాల సుందరీకరణ టెండర్లు పిలిచే ముందు నూరేళ్ళు దాటిన కట్టడాల జాబితా, అవి ఏ మతానివైనా, బహిరంగంగా ప్రకటించండి. వాటికి ఏ పూత వేస్తారో టెండరులోనే రాయండి. మస్జిద్‌లు, దర్గాలు, ఆషూర్‌ఖానాల విషయంలో సంబంధిత కమిటీతోనూ వక్ఫ్ బోర్డుతోనూ లిఖితపూర్వకంగా సంప్రదించకుండా గుత్తేదారును లోపలికి పంపవద్దు. ఈ మేరకు వినతిపత్రం ఇవ్వదలచిన కమిటీలు టెండర్లు వెలువడేదాకా ఆగవద్దు. ఈ నెలలోనే ఇవ్వండి, అందినట్లు రసీదు తీసుకోండి.