మంచాన పడకముందే

ధర్మవరం నేతగానికైనా, పెనుకొండ రైతుకైనా, హిందూపురంలో పింఛను తినే నావంటి పంతులుకైనా భయమొక్కటే: చావు కాదు, మంచాన పడటం. డెబ్బై నిండినవారికి 2024 నుండి ఆయుష్మాన్ భారత్ ఉన్నది. అది ఆసుపత్రి ఖర్చుకే. ఇంట ఒళ్లు తుడిచి, పక్క మార్చే మనిషికి కూలి ఇవ్వదు. ఆ చాకిరీ కోడలిదో, కూతురిదో అవుతున్నది.

కనుక పిల్లలకు ఆస్తి వ్రాసేటప్పుడు పోషణ షరతును దస్తావేజులోనే వ్రాయించండి. మాట తప్పితే 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం, 23వ సెక్షను క్రింద ఆ దానాన్ని రద్దు చేయించుకొనవచ్చును. కోలుకోలేని స్థితిలో ఏ చికిత్స వలదో ముందే వ్రాసిపెట్టే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ ధ్రువీకరణ చాలు.

ఇది అశుభం పలకడమంటారు మా ఇంట. చెప్పకుండా పోయి, ఆ నిర్ణయాన్ని బిడ్డల నెత్తిన పెట్టడం శుభమా? మీరేమంటారు?