కోచ్‌ని ఎప్పుడు పీకెయ్యాలి?

అనంతపురంలో ఇంజనీరింగు చదివే రోజుల్లో మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఏటా మొదటి రౌండులోనే ఓడి ఇంటికొచ్చేసేది. మా పీడీ సారే మాకు కోచ్. ఆయన్ని తీసెయ్యాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వచ్చినా కుదరదు లెండి, పర్మనెంటు పోస్టు.

అమెరికా కాలేజీల్లో అలా కాదు (వాళ్ళ ఫుట్‌బాల్ చేత్తో ఆడేది, ఆ గొడవ ఇంకోసారి). మనవాళ్ళు బోలెడంతమంది ఎమ్మెస్ చేసిన టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌నే తీసుకోండి. 2020లో ఆ జట్టు తొమ్మిది గెలిచి ఒక్కటే ఓడింది. మురిసిపోయి 2021లో కోచ్ జింబో ఫిషర్ కాంట్రాక్టుని 2031 దాకా పొడిగించారు. 2023 నవంబరులో పీకేశారు. కాంట్రాక్టు ప్రకారం ఆయనకి ఇవ్వాల్సింది ఏడున్నర కోట్ల డాలర్ల పైమాటే!

సగటున 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా వాన పడే జిల్లా మాది. ఒక ఏడు చెనక్కాయ విరగకాసిందని, అదే దిగుబడి లెక్కేసుకుని పదేళ్ళకి సరిపడా అప్పు చేస్తారా ఎవరైనా? చేసినవాళ్ళ బోర్లు ఎండిపోయాక ఏమైందో కూడా చూశాం.

మన ఫెడరేషనూ తక్కువ తినలేదు. 2023లో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు, శాఫ్ కప్పు గెలిచేసరికి అక్టోబరులో ఇగోర్ స్టిమాచ్‌కి 2026 దాకా రాసిచ్చేశారు. 2024 జనవరి ఆసియా కప్పులో మూడు మ్యాచులు ఆడి ఒక్క గోలూ కొట్టలేదు. మార్చిలో గువాహటిలో ఆఫ్ఘనిస్తాన్ చేతిలో ఓడారు. జూన్‌లో ఖతర్ చేతిలో ఓడి ప్రపంచ కప్పు క్వాలిఫయర్ల నుంచి బయటపడ్డాక ఉద్యోగం పీకారు. ఆ తర్వాత 4 లక్షల డాలర్లిచ్చి సెటిల్ చేసుకున్నారు.

నా మటుకు నాకు అనిపించేదేంటంటే, కోచ్ గురించి గట్టిగా ఆలోచించాల్సింది ఓడిన రోజు కాదు, గెలిచిన ఊపులో కాంట్రాక్టు పొడిగించే రోజు. అదే బగ్గు మూడోసారి ప్రొడక్షన్‌లో తేలితే డెవలపర్ని తిట్టి లాభమేముంది? ఆ కోడ్‌ని అప్రూవ్ చేసినవాణ్ణి కదా అడగాలి.

మరి ఓడిన రోజు ఏం చూడాలి? 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనం 10-1 తేడాతో ఓడాం. మనవాళ్ళలో చాలామంది ఆ చలిలో ఒట్టి కాళ్ళతో ఆడారు. కోచ్ మన హైదరాబాదు రహీం సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీం. ఇవాళైతే ఆ స్కోరుకి ఎయిర్‌పోర్టులోనే లెటరు చేతిలో పెట్టేవాళ్ళు. 1956 మెల్‌బోర్న్ సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. మొదటి గోల్ మనమే కొట్టి, చివరికి 4-1తో ఓడాం. ఓటమి ఓటమే, కాదన్ను. కానీ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్‌కి చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. 1962 జకార్తా ఏషియాడ్‌లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడి, ఫైనల్లో వాళ్ళనే 2-1తో కొట్టి బంగారు పతకం తెచ్చారు. ఆ మరుసటి ఏడాదే రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు.

కాబట్టి ఎన్ని ఓడాడన్నది కాదు, పోయినసారి ఓడిన కారణంతోనే మళ్ళీ ఓడాడా అన్నది చూడాలి. కొత్త కారణంతో ఓడుతుంటే ఇంకో సీజన్ ఇవ్వచ్చు. అదే కారణమైతే నెలాఖరు దాకా కూడా ఆగక్కర్లేదు.

ఈ లెక్కన మా పీడీ సారుని రెండో ఏడే సాగనంపాల్సింది. నాలుగేళ్ళూ ఒకటే ఫార్మేషన్, నాలుగేళ్ళూ ఎడమవైపు నుంచే గోల్స్ తిన్నాం. కాకపోతే ఆ ఎర్రమట్టి గ్రౌండులో బూట్లు లేకుండా ఆడుతున్న ఇద్దరు కుర్రాళ్ళకి తన జీతంలోంచి బూట్లు కొనిచ్చింది కూడా ఆయనే. అది ఏ కాలమ్‌లో వెయ్యాలో నాకిప్పటికీ తెలీదు.