మొహమాటపు ముద్ద

నేను తిండిపోతును కాను. రెండు నెలల కిందట డాక్టరుగారి దగ్గర కూడా ఈ మాట గట్టిగానే అన్నాను. ఆయన నా రక్తపరీక్ష కాగితం ఒకసారి, నా పొట్ట ఒకసారి చూసి, "మరి ఇదంతా ఎవరిదండీ?" అని అడిగారు.

మూడు నెలల చక్కెర సగటు చెప్పే పరీక్షలో నాకు 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా వుంటే గట్టుమీద నిలబడ్డట్టు, 6.5కు చేరితే ఏట్లో దిగినట్టు. మన దేశంలో మగవాడి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవారిది 80 సెంటీమీటర్లు దాటకూడదట. నాది 98. "మందులు ఇప్పుడే వద్దు. వారం రోజులు మీరు తిన్నదల్లా కాగితం మీద రాసుకురండి. ఎందుకు తిన్నారో కూడా రాయండి" అన్నారాయన.

తెలుగు ఎం.ఏ. చదివి కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాడికి రాయడం ఒక లెక్కా? రాశాను. తీరా చదువుకుంటే, ఆకలేసి తిన్నది సగమే. మిగతా సగం సంగతి చూడండి.

సోమవారం స్టాఫ్ రూములో లెక్కల మేష్టారు తాపేశ్వరం మడతకాజాలు పంచారు. వాళ్ళమ్మాయికి ఉద్యోగం వచ్చిందట. నేను ఒకటి తీసుకుంటే, "ఒక్కటి పెట్టకూడదండీ" అని రెండోది చేతిలో పెట్టారు. మంగళవారం రాత్రి గిన్నె అడుగున గరిటెడు పప్పు, గుప్పెడు అన్నం మిగిలాయి. "ఇంతకోసం గిన్నె ఎత్తిపెట్టడమేమిటి? కాస్త వేసేసుకోండి" అంది మా ఆవిడ. వేసేసుకున్నాను. బుధవారం సాయంత్రం పొట్ట తగ్గించుకుందామని నడకకు బయలుదేరితే, తోడొచ్చిన మిత్రుడు మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగాడు. వాడు తింటుంటే నేను చూస్తూ నిలబడితే ఏం మర్యాద?

ఆదివారం పెళ్ళి భోజనం. పూర్వం బంతిలో విస్తరి మీద చేయి అడ్డం పెడితే, వేళ్ళ సందులోంచి లడ్డు జారేది. ఇప్పుడు బఫేలు వచ్చాయి కనుక బలవంతపెట్టేవాళ్ళు లేరు అనుకుంటాం. కాని ఆ పని రకాలే చేస్తాయి. ఒక పదార్థం తిన్నకొద్దీ దానిమీద మోజు తగ్గుతుందనీ, కొత్త రుచి కనబడగానే మళ్ళీ కడుపులో చోటు పుడుతుందనీ 1980ల తొలినాళ్ళలోనే శాస్త్రజ్ఞులు గమనించారు. పెరుగన్నం తిని త్రేన్చినవాడు ఐస్‌క్రీము దగ్గర వరసలో నిలబడేది అందుకే. పైగా కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుందంటారు. పళ్ళెం ఖాళీ చెయ్యడానికి నాకు పది చాలు.

1957లో వచ్చిన మాయాబజార్లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడై పెళ్ళివారి వంటకాలన్నీ ఒక్కడే ఆరగిస్తుంటే మనం ఈనాటికీ మురిసిపోతాం. ఆయన ఇష్టపడి తిన్నాడు. నా జబ్బు అది కాదు. నేను మొహమాటపడి తింటాను. కడుపులో రెండు పాళ్ళు అన్నానికి, ఒక పాలు నీళ్ళకి, నాలుగో పాలు గాలికి వదలాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. ఆ నాలుగో పాలు నేను చుట్టాలకూ స్నేహితులకూ రాసిచ్చేశాను!

కిందటి నెల అమలాపురంలో మా అక్కయ్య ఇంటికి వెళ్ళాను. ఇంటరు చదివిన రెండేళ్ళూ నాకు అన్నం పెట్టి సాకిన చెయ్యి ఆమెది. పనసపొట్టు కూర చేసింది. పూర్ణం బూరెలు చేసింది. రెండు తిన్నాను. మూడోదానికి చిల్లు పొడిచి నెయ్యి పోస్తుంటే, "చాలు అక్కయ్యా" అన్నాను. నేతిగిన్నె గాలిలో ఆగిపోయింది. "అంతేలేరా, మా వంట ఇప్పుడు నీకెక్కడ సహిస్తుంది" అంది.

మూడోది తిన్నాను. నాలుగోదీ తిన్నాను.

తరవాత మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే, అక్కయ్య పీట మీద కూర్చుని గోధుమరవ్వ ఉప్మా తింటోంది. పక్కన మాత్రల అట్ట. ఆరేళ్ళయిందట చక్కెర జబ్బు వచ్చి. నాకు చెప్పలేదు. "బూరెలు నాకెలాగూ రాసిపెట్టి లేవు. నువ్వు తింటుంటే నేను తిన్నట్టే వుంటుందిరా" అంది.

నేను జేబులోంచి నా రక్తపరీక్ష కాగితం తీసి చేతికిచ్చాను. చదివి, నోటిమీద చెయ్యి వేసుకుంది.

"మరి నాలుగు బూరెలు ఎందుకు తిన్నావురా?"

"నువ్వు పెట్టావని."

"నువ్వు తింటావని కదరా నేను పెట్టాను!"

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఆమెకు కావలసింది నేను బూరె తినడం కాదు, నేను ఇంకా ఆ ఇంటివాణ్ణేనని తెలియడం. నాకు చెప్పవలసిందీ అదే. నోటితో చెప్పలేక నమిలి చెబుతున్నాను. ఆ రాత్రి వడ్డించేవారు ఎవరూ లేకుండా ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని పుల్కాలు, కూర తిన్నాం. ఒక్క బూరెను తలా సగం చేసుకున్నాం. ఇంత రుచిగల బూరె నేను ఎన్నడూ ఎరగను.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో చక్కెర జబ్బువారు 10 కోట్ల పైమాట. నాలాగా గట్టుమీద వున్నవారు 13 కోట్ల పైమాట. అంటే మనం కొసరి వడ్డించే ప్రతి బంతిలోనూ చెప్పుకోలేని అక్కయ్యలూ తమ్ముళ్ళూ వున్నారన్నమాట. కనుక వడ్డించేవారికి నా మనవి: ఒకసారి అడగండి, రెండోసారి అడగకండి, పక్కన కూర్చోండి. తినేవారికి మనవి: వద్దనే మాట విస్తరి ముందు కాదు, వంట మొదలుపెట్టకముందే చెప్పండి. గిన్నెలో మిగిలినదాన్ని పొట్టలో పారేసినంత మాత్రాన అది వృథా కాకుండా పోదు.

మళ్ళీ పరీక్షకు ఇంకా నెల గడువుంది. నా బెల్టు మాత్రం ఒక చిల్లు లోపలికి జరిగింది. ఇదివరకు అక్కయ్య ఫోను చేస్తే, "తిన్నావట్రా?" అని అడిగేది. ఇప్పుడు, "ఎంత తిన్నావురా?" అని అడుగుతోంది. గొంతులో ప్రేమ మాత్రం అదే.