మోకాలి కింద దిండు

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. తరతరాలుగా ఆ ఊరి మగపిల్లలు సైన్యంలో చేరుతూ వచ్చారు కాబట్టి అందరూ దాన్ని మిలటరీ మాధవరం అంటారు. మా ఊరికి అంత పేరు లేదు. నా చిన్నప్పుడు ఊరు మొత్తానికి సైన్యంలో ఉన్నది ఇద్దరే. అందులో ఒకరు మా పెద్దనాన్నగారి అబ్బాయి. అన్నయ్య సెలవు మీద వస్తే, ఆ నల్ల ట్రంకుపెట్టె తెరిచేదాకా పిల్లలం వాళ్ల అరుగు దిగేవాళ్లం కాదు.

2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక మన సైన్యం సరిహద్దుకు కదిలింది. అక్కడ పొలాల్లో మైళ్ల పొడవునా మందుపాతరలు పాతారు. 2002లో అలాంటి ఒకదాని మీద అన్నయ్య ఎడమ కాలు పడింది. ప్రాణం దక్కింది కానీ, మోకాలి కింద జానెడు మాత్రమే మిగిల్చి డాక్టర్లు కాలు తీసేశారు. ఆ కబురు మా ఊరికి ఎస్టీడీ బూత్ కుర్రాడు పరుగెత్తుకుంటూ తెచ్చాడు.

ఆసుపత్రి నుంచి సెలవు మీద ఇంటికి పంపినప్పుడు మొదటి పది రోజులూ ఆ ఇల్లు తిరునాళ్లలా ఉంది. బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు గూట్లో వరుసకట్టాయి. సర్పంచిగారు శాలువా కప్పారు. పదకొండో రోజు నుంచి ఎవరి పనులు వాళ్లవి. ఆ ఇంటికి అసలు పని అప్పుడు మొదలైంది.

మా పెద్దమ్మ కొడుకు మంచం దిగనిచ్చేది కాదు. అన్నం కలిపి నోటికందించేది. కాలు నొప్పి పెడుతుందేమోనని మోకాలి కింద మెత్తటి దూది దిండు పెట్టేది. మా వదిన వచ్చి ఆ దిండు తీసేసేది. పెద్దమ్మ మళ్లీ పెట్టేది. రోజంతా ఇదే.

వదిన తీసేయడానికి కారణం ఉంది. దిండు పెడితే మోకాలు వంగి ఉంటుంది, హాయిగానే అనిపిస్తుంది. కానీ వారాల తరబడి అలా వంచి ఉంచితే కండరాలు బిగుసుకుపోయి మోకాలు ఇక చాచడానికి రాదు. మోకాలు చాచలేనివాడికి రేపు కృత్రిమ కాలు తగిలించినా నడక కుదరదు. ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఈ మాట వదినకి పదేపదే చెప్పి పంపించాడట. ఆ మాటే ఆవిడ అత్తగారికి చెబితే, "నొప్పితో వాడు మూలుగుతుంటే నీకు చదువు గుర్తొస్తోందా? అసలు నీకు మనసుందా అమ్మాయ్?" అంది పెద్దమ్మ.

ఒకరోజు అన్నయ్య దాహం వేస్తోందన్నాడు. వదిన నీళ్ల చెంబు మంచానికి నాలుగడుగుల దూరంలో కిటికీలో పెట్టి, చంకకర్రలు చేతికందించింది. లేచాడు. రెండో అడుగులో పడ్డాడు. దెబ్బ పెద్దగా తగల్లేదు కానీ పెద్దమ్మ ఎనిమిది రోజులు కోడలితో మాట్లాడలేదు. ఆ సాయంత్రం దొడ్లో గేదెల దగ్గర వదిన ఒక్కతే నిలబడి ఏడవడం నేను చూశాను. "ఈయనకి రేపటి నుంచి నీళ్లు నేనే తాగిస్తే, ఇంకో ముప్పై ఏళ్లు నేనే తాగించాలి. అది కాదు నా బాధ. ఆయన తాగించుకోవాలి కదా, అదీ బాధ" అంది. అప్పటికి ఆవిడకి పాతికేళ్లు నిండలేదు.

రాత్రుళ్లు మరో కష్టం. అన్నయ్య ఉలిక్కిపడి లేచి, ఎడమ బొటనవేలు మండిపోతోందనేవాడు. ఆ వేలు ఉంటే కదా! గాలి సోకిందని పెద్దమ్మ తాయెత్తు కట్టించింది. నిజానికి కాలు పోయినా మెదడులో ఆ కాలికి కేటాయించిన చోటు అలాగే ఉంటుంది. అందుకే లేని కాలు నొప్పి పెడుతుంది. మన దక్షిణాది నుంచి వెళ్లిన నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో దీనికి ఒక అద్దంతో వైద్యం చూపించారు. ఉన్న అవయవం ప్రతిబింబాన్ని లేనిదాని స్థానంలో చూపిస్తే కొందరికి నొప్పి తగ్గుతుంది. మా వదినకి ఆ అద్దం సంగతి తెలియదు. "నొప్పి నిజమేనండీ" అని మాత్రం అనేది. 'నీ భ్రమ' అనకపోవడం కూడా వైద్యమే.

తర్వాత పుణె. అక్కడి సైన్యపు కృత్రిమ అవయవ కేంద్రం 1944లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నప్పుడు మొదలైంది. కాలు తగిలించుకుని ఇంటికి రావడంతో పని అయిపోదు. మిగిలిన కాలు నెలలు గడిచేకొద్దీ సన్నబడుతుంది. మొదటి సాకెట్ వదులైపోతుంది. చర్మం ఒరుసుకుని పుళ్లు పడతాయి. మళ్లీ కొలతలు, మళ్లీ రైలు. పిల్లాడికి జ్వరం వచ్చి వదిన ఆగిపోవడంతో ఒకసారి పెద్దమ్మ తోడు వెళ్లింది. అక్కడ రెండు కడ్డీల మధ్య ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు అడుగు వేయడం, పడటం, మళ్లీ లేవడం వరండాలోంచి చూసింది. పక్కనే ఉన్నవాళ్లు చేతులు చాచి నిలబడ్డారే తప్ప ఎవర్నీ తొందరపడి లేవదీయలేదు. ఇంటికొచ్చిన పెద్దమ్మ ఎవరితోనూ ఏమీ అనకుండా ఆ దూది దిండు తీసి అటక మీద పడేసింది.

ఇలాంటి కథ చెప్పగానే మనకి పతకాలు గుర్తొస్తాయి. 1965 యుద్ధంలో గాయపడి నడుం కింద చచ్చుబడిన మురళీకాంత్ పేట్కర్ 1972 పారాలింపిక్స్‌లో ఈతలో స్వర్ణం తెచ్చారు. 2002లోనే, మా అన్నయ్యలాగే మందుపాతర వల్ల కాలు పోగొట్టుకున్న నాగాలాండ్ జవాను హొకాటో సెమా 2024 పారిస్ పారాలింపిక్స్‌లో షాట్‌పుట్‌లో కాంస్యం గెలిచారు. మధ్యలో ఇరవై రెండేళ్లు! ఆ ఇరవై రెండేళ్లూ ఎవరో ఒకరు పక్కన నిలబడి ఉంటారన్నది పతకం ఫొటోలో కనిపించదు.

అందరూ లేచి నడుస్తారనీ కాదు. 2015 నవంబరులో కాశ్మీర్‌లోని కుప్వారాలో తూటా తగిలిన లెఫ్టినెంట్ కల్నల్ కరణ్‌బీర్ సింగ్ నాట్ ఎనిమిదేళ్లు కోమాలో ఉండి 2023 డిసెంబరులో కన్నుమూశారు. వెన్నెముక దెబ్బతిని కదల్లేని వాళ్లుంటారు. వాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే ఒంటికి పుళ్లు పడతాయి. ఆ ఇళ్లలో అలారం పెట్టుకుని నిద్రపోయే తల్లులు, భార్యలు ఉంటారు.

మీ వీధిలోనో, చుట్టాల్లోనో అలాంటి ఇల్లుంటే, పదకొండో రోజు వెళ్లండి. ఆయన్ని పలకరించాక, "నువ్వు అన్నం తిన్నావా అమ్మా?" అని ఆవిడని కూడా అడగండి. ఒక పూట మీరు కూర్చుని ఆవిడని నిద్రపోనివ్వండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి కాగితాలు పట్టుకుని తిరిగే పని ఒకటి మీరు తీసుకోండి. నూరు శాతం వైకల్యం ఉండి, మరొకరి తోడు లేనిదే గడవని మాజీ సైనికులకు పెన్షన్‌తో పాటు తోడు మనిషి కోసం వేరే భత్యం ఉందన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. మా వదిన నడుం నొప్పి గురించి మేమెవరం అడగలేదు. పదేళ్ల తర్వాత ఆవిడే డాక్టరు దగ్గరికి వెళితే తెలిసింది.

అన్నయ్య ఇప్పుడు రిటైరై ఊళ్లోనే ఉంటున్నాడు. పొద్దున్నే పాలకేంద్రం దాకా నడిచి వెళ్తాడు. వానాకాలంలో కాలు ఒరుసుకుంటే రెండు రోజులు చంకకర్రలతో తిరుగుతాడు.

మొన్న సంక్రాంతికి వెళ్లాను. పెద్దమ్మకి ఎనభై దాటాయి. కిందటేడు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. కుర్చీలోంచి లేవబోతుంటే నేను గబుక్కున వెళ్లి చెయ్యి పట్టుకోబోయాను. అన్నయ్య నన్ను ఆపాడు. చేతికర్ర అమ్మకి అందించి, ఆవిడ పక్కనే నిలబడ్డాడు. పెద్దమ్మ ఆయాసపడుతూ తనంతట తనే లేచి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి నాతో అంది.

"చూశావా, వీడికసలు మనసే లేదు!"

వంటింట్లోంచి వదిన నవ్వు వినిపించింది.