కళాయి పోయిన గిన్నె



గత కార్తీక సోమవారమున మా పినతల్లిగారు సామర్లకోటలోని మా యింటికి వచ్చి, రాగిసీసాలో నిమ్మరసము నింపుకొని, కుమారారామ భీమేశ్వరస్వామి దర్శనమునకు వెళ్లిరి. మధ్యాహ్నము అది త్రాగినంతనే వాంతులయ్యెను. ఉపవాసమువలన నిట్లయ్యెనని యందఱు ననిరి. మేము మిగిలిన రసమును నాలుకకు తాకించి చూడగా చిలుము రుచి తగిలెను. దోషము ఉపవాసమునది కాదని మాకు తోచెను.

పులుపును గాలియు కలిసి సోకినపుడు రాగి యణువులు తమ యెలక్ట్రానులను కోల్పోయి రసములోనికి దిగును. ఎలక్ట్రాననగా అణువునందుండు మిక్కిలి సూక్ష్మమైన ఋణవిద్యుత్కణము. దానిని కోల్పోయిన లోహపుటణువును అయానందురు. రాగి అయానులు మితిమీరి కడుపున పడినచో వికారమును వాంతులును కలుగును.

కీడు అంతటితో ముగియదు. రాగి అయాను పెండ్లిండ్ల పేరయ్య వంటిది. నిమ్మరసములోని సి విటమినునుండి ఒక యెలక్ట్రానును పుచ్చుకొని, గాలిలోని ప్రాణవాయువునకు అప్పగించి, తాను యథాప్రకారమై వేఱొక సంబంధమునకు బయలుదేరును. తాను తరుగదు గనుక, కొంచెమే యైనను చాల విటమినును చెఱచును. నేయి, నూనెలు త్వరగా కనరు వాసన పట్టుటకును ఇట్టి మధ్యవర్తిత్వము కారణమగును. నేయి చెడినపుడు కోడలిని నిందించుటకు ముందు గిన్నెను చూడవలెను.

ఈ ఇచ్చిపుచ్చుకొనుట కంటికి కనబడునా? రంగుమారుటలో కనబడును. 1895లో మన గోదావరిసీమలోని భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, 1925లో అమెరికాలోని హార్వర్డునందు ఫిస్కెగారితో కూడి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఫాస్ఫేటుతో కూడిన మాలిబ్డినమను లోహము ఎలక్ట్రానులను గ్రహించి నీలివర్ణము దాల్చును. నీలి యెంత గాఢమైన, భాస్వరము అంత అధికము. వంటయింట కీడుచేయు రాకపోకలే అచ్చట జ్ఞానమునకు సాధనమాయెను.

ఇత్తడిలోను రాగియే ప్రధానము. పూర్వులు గిన్నెకు నవాసారము చల్లి తగరపు పూత వేయించుట పులుపునకును రాగికిని నడుమ గోడ కట్టుటయే. కళాయివారు వీధికి వచ్చుట నేడు అరుదు. కావున పూత అరిగిన గిన్నెలో చారు, పులుసు, మజ్జిగ, పచ్చడి ఉంచవలదు. వానికి గాజు, స్టీలు, జాడీ మేలు. రాగిచెంబులో మంచినీరు ఉంచుకొనవచ్చును.

మా పినతల్లిగారును ఇపుడా సీసాను నీటికే వాడుచున్నారు.